నలభై ఒకటో వస్తువు

రోజు 41

పంపు మూడు గంటలు ఆడింది. మునిగిన ఇంటి చుట్టూ వేసిన కట్ట లోపల నీళ్ళు మోకాలి నుంచి చీలమండకు దిగాయి. తొమ్మిదింటికి పని మొదలుపెట్టాం.

ఈ పుస్తకంలో మొదటి నలభై రోజులూ నా భార్య హైమ రాసింది. నిరుడు వానలు ముందుగా వచ్చి తవ్వకం ఆగింది. తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. పదకొండు రోజులే ఉంది. ఈ ఏడు నేను రాస్తున్నాను. వస్తువుల బొమ్మలు నాకు ఆమె వేసినంత బాగా రావు. కొలతల్లో తప్పు ఉండదు.

పాత పేజీలు తిప్పలేదు. నేరుగా కొత్త పేజీ తెరిచాను.

ఈ ఇంటి యజమానురాలు రత్నమాల గారి వంటగది, తూర్పు మూల, డెబ్భై సెంటీమీటర్ల లోతు. ఒండ్రులో దొరికినవి: ఇడ్లీ రేకులు నాలుగు, ఒకదానికొకటి అతుక్కుని. రాగి నాలుకబద్ద ఒకటి. ప్లాస్టిక్ సంచి చుట్టి, రబ్బరు బ్యాండు వేసిన మీటల పెట్టె ఒకటి. నడుమ రంధ్రం ఉన్న చిన్న ఇనుప దిమ్మ ఒకటి.

దిమ్మను తూకపురాయి అని రాశాను. జల్లెడ పట్టే బుల్లెమ్మ నా భుజం మీంచి చూసింది. ఆమెకు చదువు రాదు. బొమ్మ చూసి పట్టేసింది.

"తూకపురాయి కాదండి బాబుగారూ. కుక్కరు ఈల. ఆవిరొత్తే కుయ్యిమనేదంట. మా అమ్మమ్మ సెప్పేది."

"ఈ మీటల పెట్టె?"

"టీవీ రిమోటండి."

"సంచి ఎందుకు చుట్టారు?"

"పాడైపోద్దని."

"సంచిలో ఉంటే మీటల మీది అంకెలు ఎలా కనిపిస్తాయి?"

"అంకెలెవరు సూత్తారండీ. సేతి ఏళ్ళకి తెలుత్తాది."

తూకపురాయి కొట్టేసి కుక్కరు ఈల అని రాశాను.

రోజు 43

మేం ఉండే మెట్ట మీద, ఉమ్మడి వంటింటి వరసలో, లోహం కరిగించే పోతింటి గుమస్తా సోమరాజు గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. గొంతు తగ్గించారు.

"ఏమండీ నరహరి గారూ, అదొక్కటీ తేలలేదాండీ?"

"లేదండీ."

"ఇంకా ఇరవై మూడు రోజులుందండీ. చూడండి, చూడండి."

మనిషికి నాలుగు కిలోల లోహం. నలభై ఒక్క వస్తువులు. ప్రతిదాని అడుగునా పేరు ఉంటుంది. మనిషి పోయాక ఏడాది లోపల అన్నీ ఒకేసారి పోతింటికి అప్పగించాలి. అక్కడ కరిగించి ఆ ఏడు పుట్టిన పిల్లలకు గ్లాసులూ కంచాలూ పోత పోస్తారు. మంచి నియమమే. నా కంచం ఎవరి కంచం కరిగి వచ్చిందో నాకు తెలియదు. ఎవరిదో ఒకరిది.

హైమవి నలభై వస్తువులు గుమ్మం పక్కన గోనెసంచిలో ఉన్నాయి. నలభై ఒకటోది మూతగిన్నె. మూడు వందల పది గ్రాములు. అది లేదు.

అరవై ఆరో రోజు ఆమె సంవత్సరీకం. ఆ రోజుకు గిన్నె రాకపోతే నా తవ్వకం అనుమతి రద్దవుతుంది. తన ఇంట్లో లోహం లెక్క చెప్పలేనివాడిని పూడిన లోహం దగ్గరకు రానివ్వరు. అదీ సబబే. కాని ఈ తవ్వకం హైమ అడిగి తెచ్చుకున్నది. సగంలో ఉంది. వచ్చే వానలకు కట్ట నిలవదు. నన్ను తీసేస్తే ఇంకొకరు వచ్చేలోపు ఇల్లు మళ్ళీ నీళ్ళ కిందకు పోతుంది.

ఇది తవ్వకం పుస్తకం. ఇందులో సొంత విషయాలు రాయకూడదు. ఈ ఒక్కసారికి.

రోజు 46

అందరికీ సెలవు రోజు. మా ఇంటిని తవ్వకం చేసినట్టే తాళ్ళు కట్టి గళ్ళుగా విభజించాను. ఇరవై నాలుగు గళ్ళు. ఒక్కొక్కటే వెతికాను.

ఏడో గడి, మంచం కింద: తలపిన్ను ఒకటి. పదిహేడో గడి, కిటికీ గూడు: అరంగుళం పెన్సిలు ముక్క, పంటి గాట్లతో. రెండూ జాబితాలో ఉండే వస్తువులు కావు.

గిన్నె లేదు. తాళ్ళు విప్పేశాను.

రోజు 49

వంటగది పడమటి గోడ కింద అలమర బోర్లా పడి ఉంది. లోపల స్టీలు సామాను. ఇన్ని ఒకేచోట దొరకడం నేనెప్పుడూ చూడలేదు. గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, మూతలు. ముప్పై నాలుగు. అంచుల మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన పేర్లు. డి. సత్యవతి. ఎం. అన్నపూర్ణ. షేక్ మస్తానమ్మ. పి. దీనమ్మ.

ఉప్పెన వచ్చినప్పుడు ఈ డాబా మీద అరవై మంది పందొమ్మిది రోజులు బతికారు. మెట్టకు చేరిన మొదటి పడవ ఇక్కణ్ణించే కదిలింది. తొంభై ఏళ్ళయింది. రత్నమాల గారి పేరు తప్ప ఇంకెవరి పేరూ మిగల్లేదు. ఈ ఇంట్లో ఎవరెవరు కాపురం ఉండేవారో పేర్లతో సహా కావాలని మెట్టను నడిపే సభవారు అడుగుతున్నారు. రాతిపలక వేయిస్తారట.

పేర్లు దొరికాయి.

రోజు 52

మధ్యంతర నివేదిక పంపాను. గిన్నెల మీద మొత్తం పదిహేడు పేర్లు. అందులో వి. రత్నమాల అన్నది రెండింటి మీదే ఉంది. కాబట్టి ఇంటి యజమానురాలు పేదది అయి ఉండాలి. గదులు పంచి పదహారు మందికి అద్దెకు ఇచ్చి ఉండాలి. అలా రాశాను.

చదివి వినిపించమంది బుల్లెమ్మ. వినిపించాను.

"పదిహేడు మందాండీ? ఈ మూడు గదుల్లోనా?"

"పేర్లు ఉన్నాయి కదా."

"దువ్వెన్లెన్ని దొరికినయ్యండి?"

"రెండు."

"మంచాలు?"

"రెండు."

"నాలుకబద్దలు?"

"ఒకటి."

"పదిహేడు మందీ ఒకేదాంతో గీసుకునేవోరంటారా? ఛీ!"

గిన్నె మీద పేరుంటే ఆ మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టే. అలా కాకుండా ఉండడం నేను చూడలేదు. ఆ మాటే అన్నాను. బుల్లెమ్మ జల్లెడ దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

రోజు 55

సోమరాజు గారు పడవలో తవ్వకం చూడటానికి వచ్చారు. రావడం ఇదే మొదటిసారి. అలమర సామాను ఆరబెట్టిన చాప ముందు చాలాసేపు నిలబడ్డారు.

"అబ్బో. ఎన్ని గిన్నెలండీ! ఇందులో ఒకటి తగ్గితే కనిపెట్టేవాడెవడండీ?" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన సర్దుకున్నారు. "ఊరికే అన్నానండీ. మీరు పోవడం నాకిష్టం లేదండి. అందుకని."

ఆయన వెళ్ళాక పి. దీనమ్మ మూతగిన్నె తూచాను. మూడు వందల ఎనిమిది గ్రాములు.

చాప మీద దాని చోట దాన్ని పెట్టేశాను. తూచిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

రోజు 58

నివేదిక చదివి సభవారు ఒక ప్రశ్న పంపారు. పదిహేడు మంది ఉన్న ఇంటికి ఒకటే స్నానాల గదా? ఎదుటి ఇల్లు చూస్తే తేలుతుందని రాశాను. ఎదుటి ఇంటి నేలలో ఒక పరీక్ష గుంట తవ్వమని అనుమతి ఇచ్చారు. రత్నమాల గారి గుమ్మానికీ ఆ ఇంటికీ మధ్య ఆరు మీటర్లు. ఒకప్పుడు వీధి.

మధ్యాహ్నానికి ఎదుటివారి వంటగది తగిలింది. రుబ్బురోలు, పొత్రం. పోపుల డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలూ చెదరకుండా. దాని పక్కన నాలుగు గిన్నెలు. నాలుగింటి మీదా ఒకే పేరు. వి. రత్నమాల.

అర్థమైపోయింది అనుకున్నాను. "దొంగతనం" అన్నాను పైకే. "ఆమె సామాను ఎదుటివాళ్ళు ఎత్తుకెళ్ళారు. అందుకే ఆమె ఇంట్లో ఆమెవి రెండే మిగిలాయి."

బుల్లెమ్మ గుంట అంచున చతికిలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"దొంగతనం కాదండి బాబుగారూ. కూర."

"కూరేమిటి?"

"ఈయమ్మ కూరొండుద్ది. గిన్నిలో ఎట్టి ఆయమ్మకి పంపుద్ది. ఆయమ్మ తినేసి కడుగుద్ది. మరి ఖాళీ గిన్ని ఎలా ఇత్తాదండీ, తప్పు కదా? తనేదైనా ఒండినప్పుడు ఎట్టి ఇద్దారనుకుంటాది. ఈలోగా ఈయమ్మ ఇంకో గిన్ని పంపుద్ది. ఆయమ్మ తన గిన్నిలో ఎట్టి పంపుద్ది. అలా అలా ఈరియి ఆరింట్లో, ఆరియి ఈరింట్లో. ఎవుల్ది ఎక్కడుందో ఎతుక్కోడానికేగా మరి పేర్లు కొట్టించుకునేది!"

ఆమె అంది, "మీ ఇంటావిడకి తెలుసుగదండీ ఇదంతా. మీకు సెప్పలేదా?"

పడవలో తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం వెనక్కి తిప్పాను. రోజు 38. హైమ వేసిన బొమ్మ, డి. సత్యవతి గిన్నె. మూత కొక్కెం కూడా వేసింది. కింద చిన్న అక్షరాలతో: "పక్కింటిది అయి ఉంటుంది. కూరతో వచ్చి ఉండిపోయింది. నరహరికి చెప్పాలి."

రోజు 59

ఆదివారాలు హైమ పెరట్లో కుంపటి వెలిగించేది. పెరటి గోంగూరో, వంకాయలో. నాకు కొంత పెట్టేది. మిగతాది ఎటు పోయేదో నేను అడగలేదు. జల్లెడ పట్టిన మట్టి ఏ కుప్పకు పోయిందో రాసి పెట్టే మనిషిని. అది మాత్రం అడగలేదు.

ఇరవై నాలుగు గళ్ళు వెతికాను. గిన్నె ఇంటి బయట ఉంది.

ఏడు రోజులు ఉన్నాయి.

రోజు 61

ఉదయం ఉమ్మడి వంటింటి వరస. కిందటేడు నుంచీ అక్కడ నేను "ఇంకొంచెం అన్నం" అన్నమాట తప్ప ఏమీ అనలేదు. ఈరోజు వరస మొదటికి వెళ్ళి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను.

"మా హైమ మీకెప్పుడైనా కూర పంపిందా?"

"ఏడాదికి నోరు విప్పారు, అదీ కూర గురించా?" అంది పడవల రేవు సూర్యకాంతం. "పంపకేం. మా ఆయన కాలు విరిగినప్పుడు నెల్లాళ్ళు పంపింది."

"గిన్నె?"

"ఇచ్చేశానండీ! ఉత్తి గిన్నె కూడా కాదు, సున్నుండలు పెట్టిచ్చాను. మీరు తిన్నారు కూడాను."

తిన్నాను. ఉమ్మడి వంటింటివి అనుకున్నాను.

పంపు మేస్త్రి తండ్రి ముసలాయన కర్ర ఊపుతూ, "గోంగూరలో కారం ఎక్కువేసేది తల్లి. అది మాత్రం చెప్పాలి" అన్నాడు. ఆయన కూడా ఇచ్చేశాడు. మునగాకు పెట్టి.

మధ్యాహ్నానికి పది ఇళ్ళు తేలాయి. పది ఇళ్ళకూ నా భార్య కూర పంపేది. పది గిన్నెలూ ఏదో ఒకదానితో తిరిగి వచ్చాయి.

పని మీదకు ఆలస్యంగా వెళ్ళాను. బుల్లెమ్మ వక్క పలుకు ఇచ్చింది.

రోజు 63

మూడు రోజులు ఉన్నాయి. వరసలో సూర్యకాంతం వెనక్కి తిరిగి, "జుబేదాని అడిగారా?" అంది.

"ఎవరావిడ?"

"కింద రేవులో తెరచాపలు కుట్టుద్ది. వరసకి రాదు, ఆవిడ వాటా మా అక్క పట్టుకెళ్ళుద్ది. మీ ఆవిడకి ఆవిడంటే ప్రాణం. అదీ తెలీదా మీకు?"

తెలియదు.

రోజు 64

తవ్వకం సెలవు పెట్టాను. నా అంతట నేను పెట్టడం ఇదే మొదటిసారి.

తెరచాపల పాక. పెద్ద గుడ్డ మధ్యలో ఒకావిడ కూర్చుని దబ్బనంతో కుడుతోంది. యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి దబ్బనం గుడ్డకు గుచ్చింది.

"నరహరన్నయ్య కదూ. రండి. కూర్చోండి."

"మూతగిన్నె" అన్నాను. ఇంకేదైనా ముందు అని ఉండవలసింది.

ఆవిడ లేచి పాక వెనక్కి వెళ్ళింది. గుడ్డలో చుట్టి ఉంది. విప్పింది. తోమి తోమి మెరుస్తోంది. నేను చేతిలోకి తీసుకుని తిరగేశాను. అడుగున హైమవతి. అక్కడే చాప మీద కూర్చున్నాను.

"వంకాయ మెంతికారం పెట్టి పంపింది," అంది జుబేదా. "ఆ మరుసటి రోజే జ్వరమన్నారు. తగ్గాక ఇద్దామనుకున్నా. తగ్గలేదు. పోయినావిడ గిన్నె, అందులోనూ ఖాళీది, చేత్తో పట్టుకుని మీ గుమ్మంలోకి ఎలా రానన్నయ్యా? సేమ్యా వండి తెచ్చాను ఒకసారి. తాళం. మళ్ళీ నెలకి కిచిడీ తెచ్చాను. తాళం. చల్లారిపోతుంటే నేనే తినేశాను."

"కట్ట వేయించే పనిలో ఉన్నాను."

"తెలుసు. ఆ తర్వాత వంటింటి గోడ మీద నోటీసు అంటించారని సూర్యకాంతం చెప్పింది. ఎవరి దగ్గరైనా లోహం ఉంటే తప్పని. అప్పుడు భయమేసింది. ఇస్తే ఎందుకు దాచావంటారు. ఇవ్వకపోతే మీకు ముప్పు. రోజూ తోమి పెడుతున్నాను. అదొక్కటే చేయగలిగాను."

"మీరు దాచలేదు. నేనే అడగలేదు" అన్నాను.

గిన్నెతో లేవబోయాను. ఆవిడ చెయ్యి చాచి గిన్నె లాక్కుంది.

"బాగుంది! ఏడాది ఆగి ఖాళీగా పంపుతాననుకున్నారా? గంట కూర్చోండి."

గంట కూర్చున్నాను. ఆవిడ పొయ్యి మీద పప్పుచారు మరుగుతుంటే, హైమ ఈ చాప మీదే కూర్చుని ఆదివారాలు ఏమేం మాట్లాడేదో చెప్పింది. అవి ఇక్కడ రాయను. నా గురించి కూడా మాట్లాడేదట. అన్నీ మంచివి కావు. నవ్వాను.

రోజు 66

సంవత్సరీకం. పొద్దున్నే స్నానం చేసి కుంపటి వెలిగించాను. వంట చేయడం రాదు. బుల్లెమ్మ వచ్చి పెరటి గట్టు మీద కూర్చుని చెప్పింది. "ఆకు మగ్గనీండి. ఇప్పుడే కలపకండి. ఉప్పు తరవాత. బాబుగారూ, కారం సాలు. సాలండీ!"

నలభై వస్తువుల గోనెసంచి భుజాన, మూతగిన్నె చేతిలో, పోతింటికి వెళ్ళాను. సోమరాజు గారు లేచి నిలబడ్డారు. మొహమంతా నవ్వు.

"తేలిందాండీ! ఎక్కడండీ?"

"స్నేహితురాలి ఇంట్లో ఉంది. భద్రంగా ఉంది."

ఆయన అంతకుమించి అడగలేదు. ఒక్కొక్కటీ తూచారు. నలభై ఒకటోదాని మూత తీసి ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఇందులో గోంగూర ఉంది?"

"ఉందండీ."

"ఖాళీగా ఇవ్వాలండీ. నిబంధన."

"ఖాళీగా ఇవ్వకూడదని ఒకటుందండీ. దీనికంటే పాతది."

సోమరాజు గారు గిన్నె వంక, నా వంక చూశారు. లోపలికి వెళ్ళి తన గిన్నె తెచ్చుకున్నారు. గరిటెతో అంతా ఎత్తి పెట్టుకున్నారు. వేలితో కొంచెం నాకారు. కళ్ళు పెద్దవయ్యాయి.

"కారం ఎక్కువైందండీ."

"అది అలాగే ఉంటుందండీ" అన్నాను.

గిన్నె కడిగి, తుడిచి, నేనే అందించాను. మూడు వందల పది. పద్దు మూసి ముద్ర వేశారు. చూడకుండా వచ్చేయవచ్చు. ఉండి చూశాను. ఎర్రబడింది, వంగింది, మిగతావాటితో కలిసిపోయింది. ఈ వారం పుట్టిన ముగ్గురికి గ్లాసులు పోస్తారట.

ఇంటికి వచ్చి పగలే పడుకున్నాను. సాయంత్రం దాకా మెలకువ రాలేదు.

రోజు 68

నివేదిక సరిదిద్దాను. ఇంట్లో ఉన్నవారు ఇద్దరు. వి. రత్నమాల, పేరు తెలియని ఇంకొకరు. మిగతా పదహారు పేర్లూ ఇరుగుపొరుగువారివి. ఈ సంగతి మొదట గుర్తించినది హైమవతి, రోజు 38. రుజువు చెప్పినది బుల్లెమ్మ.

పలక మీద ఇక ఒక్క పేరేనా అని సభవారు అడిగారు. పదహారు పేర్లూ కూడా వేయమని రాశాను. నీళ్ళు వచ్చిన రోజు అరవై మంది ఎవరి డాబాకు పరుగెత్తాలో ఆలోచించుకోలేదు. గిన్నెలతో వచ్చి పోయి ఆ గుమ్మం వాళ్ళకు అలవాటైనది.

బుల్లెమ్మకు తన పేరు నివేదికలో చూపించాను. వేలితో ముట్టుకుంది. "ఇదేనా నేను?" అంది.

రోజు 70

ఆదివారం. పంపు నడుస్తోంది, కట్ట గట్టిగా ఉంది. వానలకు ముందు పడమటి గది కూడా పూర్తవుతుంది.

పొద్దున వంకాయ కూర వండాను. అడుగు కొంచెం మాడింది. పైది తీసి పెట్టి జుబేదా గారికి పంపాను.

నా జాబితా సరిచూసుకున్నాను. ఉండవలసినవి నలభై ఒకటి. ఇంట్లో ఉన్నవి నలభై. లేనిది మూతగిన్నె.

వెతకలేదు.